కట్ట మీద చెవి

వీట్స్కె తండ్రికి సముద్రం మీద కోపం లేదు.
కోపమంతా ఎలుకల మీద,
కట్ట కడుపులో సొరంగాలు తవ్వే కస్తూరి ఎలుకల మీద.
ముప్ఫైయేళ్ళు అదే ఉద్యోగం:
రబ్బరు బూట్లు, బోను, సంచీ, నెల జీతం.

"పట్టడం కాదు అసలు పని, వినడం" అనేవాడట.
గడ్డి ఒకచోట మరీ పచ్చగా కనిపిస్తే
మోకాళ్ళ మీద కూచుని
మట్టికి చెవి ఆనించేవాడట.

ఇప్పుడు ఖ్రోనింగెన్‌లో, నాలుగో అంతస్తులో,
రాత్రి పదకొండింటికి
ఆమె తొంభై ఆరు గుంటల పళ్ళెం మీద వంగుతుంది.
నేను పక్కన గుంటలు లెక్కపెడతాను.
అన్నిట్లో ఎవరివో ముక్కు లోపలి కణాలు,
అన్నిట్లో చుక్క వైరస్.

అందరూ వైరస్‌ని చంపే మందు అడుగుతారు.
చంపుతాం. అది వేషం మారుస్తుంది. మళ్ళీ చంపుతాం.
ఈమె మందు దాన్ని ముట్టుకోదు.

కణంలో పుట్టుకతో వచ్చిన కావలివాడొకడున్నాడు.
బడికెళ్ళినవాడు కాదు, శత్రువుల పేర్లు తెలియవు.
టోపీ లేని ఆర్‌ఎన్‌ఏ కొస చేతికి తగిలితే చాలు,
"ఇది మనింటిది కాదు" అని కేక వేస్తాడు.
వైరస్ రాగానే వాడి నోరు నొక్కుతుంది.
మా మందు ఆ పట్టు కాస్త సడలిస్తుంది, అంతే.

అంతే అనడం తేలిక.
పోయిన మార్చిలో నలభై ఒకటో నంబరు
వాడి నోరు తెరిచింది, మూయడం దానికి తెలియలేదు.
వాడు అరిచాడు, పక్కింటివాడు అరిచాడు, వీధంతా అరిచింది.
తెల్లారేసరికి వైరస్ లేదు.
కణాలూ లేవు.
ఎలుకల మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టడం
వట్టి సామెతనుకునేదాన్ని,
సూక్ష్మదర్శిని కింద ఆ బూడిద చూసేదాకా.

వీట్స్కె టీ చల్లారిపోయేదాకా మాట్లాడలేదు.
తర్వాత మోతాదులో ఒక సున్నా కొట్టేసింది.
మర్నాడు ఇంకోటి.
"గట్టిగా అరవక్కర్లేదు, వేళకి అరిస్తే చాలు."

ఆ వేళే మాకు తెగని లెక్క.
మొదటిరోజు చుక్క వేస్తే కట్ట నిలుస్తుంది.
నాలుగోరోజు వేస్తే గండి మేమే కొట్టినట్టు.
తుమ్మిన మొదటిరోజే ఆసుపత్రికి ఎవరొస్తారు చెప్పండి?

ఈ రాత్రి యాభై ఎనిమిదో నంబరు.
కణాలు బతికుంటే గులాబీ ద్రవం పసుపుకి తిరుగుతుంది.
సి వరుస, ఏడో గుంట: పసుపు.
ఎనిమిది: పసుపు.
తొమ్మిది దగ్గర పెన్ను ఆగింది.
పసుపా, గులాబీయా, దీపం నీడా?

వీట్స్కె కుర్చీ వెనక్కి నెట్టి
మోకాళ్ళ మీద కూచుని
పళ్ళెం అంచుకి కన్ను ఆనించింది.
"ఇంకో గంట చూద్దాం" అంది.
రాయకుండా వదిలేశాను ఆ గడి.