పొగ తొందర

వల్పరైసోలో, కొండమీద రేకుల మేడగదిలో
నయరెత్ మూడు రాత్రులుగా ఒకే గిడ్డంగిని పేలుస్తోంది.

గాలిని బియ్యపుగింజంత గళ్ళుగా కోసి
గడిగడికీ ఇంత ఇంధనం, ఇంత వేడి, ఇంత సుడి పోసింది.
తొంభై ఆరో ఫ్రేములో గోడలు ఉబ్బాయి.
నూట పన్నెండులో నిప్పు విచ్చుకుంది.
"పేలుడు కాదిది, కాలీఫ్లవర్" అని
మాంట్రియల్ నుంచి రెండు ముక్కల జవాబు.

తండ్రి ఎలియోదోరో టీకప్పుతో మెట్లెక్కి వచ్చాడు.
ముప్ఫైయేళ్ళు జీతం లేకుండా మంటలార్పినవాడు,
కుడిచెవి అంచు ఎవరి వంటింట్లోనో వదిలేసినవాడు.
చూశాడు. మళ్ళీ వెయ్యమన్నాడు.

"నీ పొగకి తొందరెక్కువ.
అసలు పొగ ముందు ఇంటికప్పు తడుముతుంది,
దారి దొరక్క మెల్లగా మోకాళ్ళదాకా దిగుతుంది.
పేలబోయే ముందు
ఇల్లు ఒక్కసారి ఊపిరి లోపలికి లాగుతుంది.
గడప కింది దుమ్ము లోపలికి పాకుతుంది.
అది కనిపిస్తే ఇక పరుగే."

"ఎంతసేపు నాన్నా? ఎన్ని ఫ్రేములు?"

వేళ్ళు మడవబోయి ఆగాడు.
"ఒస్సాందోన్ ఇంకా లోపలే ఉన్నాడప్పుడు.
లెక్కపెట్టలేదు."

ఏడు వేసింది. చాలలేదు.
పదకొండు వేసి, గాలిని వెనక్కి తిప్పి,
దుమ్మును గడప దాటించింది.
ముసలాయన కప్పు కిందపెట్టి
ఈ గదికి తలుపెటుందో చూసుకున్నాడు.

ఆగస్టు చలి. తెల్లవార్లూ రెండర్.
యంత్రం వెనక ఫ్యాను ఊదే వెచ్చటి గాలి,
అంత మంటలోనూ ఒంటికి తగిలేది అదొక్కటే.
పోతూ పోతూ ఆయన
తడి మేజోళ్ళు దాని ముందు ఆరేసిపోయాడు.