సముద్రంలో స్టాపు

సీటు వెనకాల చదరం బొమ్మలు అంటించారు డిపోలో.
ఫోనుతో దాన్ని చూస్తే మ్యాపు తెరుచుకుంటాది,
బస్సు యాడ ఆగాలో ఆడ చుక్క పెట్టమన్నారు జనాన్ని.
ఇరవై రోజులు.
నెల్లూరు నించి మైపాడు దాకా
నాలుగువేల నూటపదహార్లు వచ్చినయ్యి,
చదివింపుల లెక్కలాగా.

నాయబ్ రసూల్ కంప్యూటర్లో చూపించాడు.
పందొమ్మిదేళ్లు నేను నిలబడి పొయ్యిన రోడ్డు
ఆటలమ్మ పోసిన బిడ్డ చెయ్యిలాగుంది.
మైపాడు గేటు కాడ చుక్క మీద చుక్క.
కాలేజీకి మున్నూట డెబ్బై,
అందులో ఆరు ఒక్కడివే,
పాసడిగితే నవ్వేస్తాడే, ఆ పొడుగోడు.
ఇందుకూరుపేటలో సొంత గుమ్మానికే
స్టాపు అడిగిందొక టీచరమ్మ.
అడిగితే తప్పేముంది?
కార్లున్నోళ్లకు అట్టనే ఆగుతాయిగా.

రొయ్యల షెడ్డు కాడ మాత్రం ఒక్కటీ లేదు.
రాత్రి డ్యూటీ దిగి అరవై మంది ఆడోళ్లు
ఐసులో నానిన చేతుల్తో ఎక్కుతారు ఆడ,
ఎక్కంగానే నిద్రపోతారు.
చుక్క పెట్టాలంటే మెలకువుండాల గదా.

ఇంకోటి,
గట్టు దాటి, ఇసక దాటి,
నీలం రంగులో, ఒంటరిగా.
"సముద్రంలో స్టాపంట, ఎవడి ఎకసెక్కమో" అన్నాడు నాయబ్.
"చెరిపేసేదా అన్నా?"
ఉండబ్బయా, అన్నా.

మర్నాడు గంపల పోలమ్మే చెప్పింది:
"నేనే నాయనా. మనవరాలి ఫోను.
పడవలొచ్చే కాడ పెట్టబోయినా,
యేలు తడి, అద్దం మీద జారింది.
మళ్లీ పెడదామంటే
ఒక మనిషికి ఒకటేనన్నాది."
పొడుగోడికి ఆరెట్టా ఇచ్చిందో మరి.

మీటింగులో మేనేజరు గారు మురిసిపోయారు,
జనం చేత్తో గీసిన రూటు ఇదే మొదటిదన్నారు.
నాకు నవ్వొచ్చింది, పైకి నవ్వలా.
ఏ కాగితంలోనూ లేని జగదేవిపేట మలుపు స్టాపు
ఎవరు గీశారు?
ఒక వానలో ఒక బాలింత చెయ్యెత్తింది,
మా సుబ్బరామయ్య బ్రేకేశాడు.
మర్నాడు ఇద్దరెత్తారు.
అంతే, స్టాపైపోయింది.
ఎత్తిన చేతుల్ని లెక్కేసే మిషన్ లేక
ఇన్నాళ్లూ టికెట్లే లెక్కేశా నేను.

సోమారం జాబితా వస్తాదంట.
ఐదు చుక్కలన్నా లేని చోటు
బస్సు ఆగదంట.
మూల పగిలిన నా ఫోన్లో
షెడ్డు కాడ ఒకటి పెట్టా.
నాయబ్‌ది ఒకటి, సుబ్బరామయ్యది ఒకటి.
ఇంకా రెండు కావాల.

తెల్లారుజామున నాలుగుంబావు, మొదటి ట్రిప్పు.
తలలు కిటికీ ఊచలకానించి
నోళ్లు తెరుచుకుని నిద్రపోతున్న అరవై మందిలో
ఎవర్ని లేపేదా అని
టికెట్లు కొట్టకుండా
నిలబడున్నా.