చేప తల ఎటువైపు

డాన్యూబ్ నది సముద్రంలో కలిసే ముందు
ఎటు పోవాలో తోచక వెయ్యి పాయలైన చోట
పంతొమ్మిదేళ్లు టపా పడవ నడిపాను.
పింఛను కవర్లు, విత్తనాల పొట్లాలు,
కోర్టు నోటీసులు, ఒకసారి ఒక కుట్టుమిషను.
రెల్లుకు ఇంటినంబర్లుండవు.
"విరిగిన విల్లో చెట్టు దాటాక రెండో మలుపు"
అని రాస్తే అక్కడికి చేర్చాలి, అంతే.

ఆ రెండో మలుపులో
నాకంటే ముందే డ్యూటీ ఎక్కేవాడు
లకుముకిపిట్ట.

పిచ్చుకను మించని ఒళ్లు,
ఆ ఒంటికి అరువు తెచ్చినట్టున్న బాకు ముక్కు.
తోకంటారా, ఉంది,
దర్జీకి గుడ్డ చాలక ముగించినట్టు.
పొట్ట కాలిన ఇటుక.
చెవి వెనక సున్నపు మరక.
వీపు సంగతి మాత్రం చెప్పలేను.
కూర్చున్నంతసేపూ ఆకుపచ్చే అనుకుంటాను,
ఎగిరాడా, నీలం.
ఒకసారి వాడి ఈక పడవలో దొరికింది.
వెలుతురుకు అడ్డం పెట్టి చూస్తే
బురద రంగు.

ముందు ఈల, తర్వాత గీత,
ఆ తర్వాత ఏమీ లేదు.
నా కొడుకు వయసు టూరిస్టులు
కెమెరా మూత తీసేలోపే
నీళ్లు మళ్లీ మామూలు నీళ్లు.

పడవ ఇంజను ఆపి కూర్చుంటే తెలుస్తుంది.
తల రెండుసార్లు ఊపుతాడు,
లోతు లెక్క చూసుకుంటున్నట్టు.
బుడుంగ్!
రెక్కలు దులుపుకుంటూ కొమ్మెక్కి
చేపను ఉతుకుతాడు, ఇటు ఒకటి, అటు ఒకటి,
ముల్లు మెత్తబడేదాకా.

"తల ఎటుందో చూడు" అంది యెవ్లాంపియా,
వలకు మాటు వేస్తూ, నావైపు చూడకుండానే.
"లోపలికుంటే వాడి తిండి.
బయటికుంటే ఇంకెవరిదో."

ఏప్రిల్‌లో చూశాను.
ముక్కు కింది సగం ఎర్రగా ఉన్న ఆడపిట్ట
పక్కకొమ్మన బిగుసుకు కూర్చుంది.
వాడు తోక పట్టుకుని
చేప తలను ఆమెవైపు చాచాడు.
పుచ్చుకుంది. థాంక్స్ ఏమీ లేదు.

ఒడ్డు మట్టిలో చెయ్యి పొడుగు సొరంగం,
లోపల చేపముళ్ల పరుపు,
బయట ముక్కు మూసుకునేంత కంపు.
ఇంత అందగాడికి ఇంత మురికి కొంపా అని నవ్వాను.
ఏడు పిల్లలు ఆ చీకట్లో
తిన్నది వెనక్కి జరిగి
ఆకలిదాన్ని ముందుకు పంపుతాయట.
నా పోస్టాఫీసు వరసలో
ఆ బుద్ధి ఏనాడూ చూడలేదు.
బయటికొచ్చిన నాలుగో రోజుకే
కన్నవాళ్లే తరిమేస్తారు.
చేప పట్టడం రానివి
నీళ్లలోనే ఉండిపోతాయి.

ఆ జనవరిలో కాలవలు గడ్డకట్టాయి.
తెలివైనవి సముద్రం వైపు పోయాయి.
వీడు పోలేదు.
నేను ఉత్తరాల సంచి భుజానేసుకుని
గడ్డ మీదే నడిచి వెళ్లాను.
యెవ్లాంపియా రోజూ పొద్దున్నే
గొడ్డలితో గుంట తవ్వుతోంది.
"బకెట్టు నీళ్ల కోసం" అంది.
ఇంటి వెనక బోరింగు పంపు నాకు తెలుసు.
గొడ్డలి పిడి మీద వాడు,
బంతిలా ఉబ్బి.

ఆమెకు జ్వరమొచ్చిన మూడు రోజులూ
గుంట మూసుకుపోలేదు.
మంచులో పెద్ద బూట్ల గుర్తులు
అవతలి ఒడ్డు నుంచి వచ్చి
అవతలి ఒడ్డుకే వెళ్లాయి.
అవతలి ఒడ్డున ఉండేది సిసోయ్,
ఆమె మరిది.
ఒక వల పంపకంలో చెడి
పదకొండేళ్లుగా పలకరింపుల్లేవు.

నాలుగో రోజు ఆమె గుర్తులు చూసింది.
చాలాసేపు చూసింది.
లోపలికెళ్లి, పొగబెట్టిన గండుచేప ఒకటి
పాత పేపర్లో చుట్టి తెచ్చింది.
తోకవైపు తాను పట్టుకుని
తలవైపు నాకు చాచి,
"అవతలికి" అంది.

బరువు తూచలేదు, స్టాంపు అడగలేదు.
గడ్డ మీద కాలు జారకుండా
పొట్లాం ఎలా ఇచ్చిందో అలాగే పట్టుకుని
దాటుతూ ఉంటే
నా వెనక గుంటలో
బుడుంగ్.