దండెం

ఒకటికి అయిదువందల కొలతలో
మా యూనివర్సిటీ
నా బల్ల నిండా పరుచుకుని ఉంది.
ఫ్యాను గాలికి లేచిపోకుండా
నాలుగు మూలలా నాలుగు బరువులు:
స్టేప్లరు, సెల్‌ఫోను, టీగ్లాసు,
టెక్కలి నుంచి శాంపిలుగా వచ్చిన నీలి గ్రానైటు ముక్క.

హైదరాబాదు కన్సల్టెంటు గీసి పంపిన ప్లాను.
రణస్థలం దుమ్ము ఒక్క రేణువైనా అంటలేదు.
చెట్లన్నీ ఒకే సైజు పచ్చటి సున్నాలు.
సరుగుడుకీ సున్నా, జీడికీ సున్నా,
తుఫానుకి ఒరిగిపోయి
ఒరిగే కాస్తున్న నేరేడుకీ సున్నా.

ఉన్నదీ లేనిదీ సరిచూడమని నన్ను సైటుకి పంపారు.
అసిరయ్య టేపు అటు కొస పట్టుకున్నాడు.
"ఎంతొచ్చింది మేడం?" అంటాడు ప్రతిసారీ.
ఎంత చెప్పినా "తగ్గింది" అంటాడు.
వాళ్ళ నాయన గొర్రెలు తోలిన బీడు ఇది.
అప్పటి కొలతేదో ఆయన దగ్గరుంది,
నా టేపులో లేదు.

కెమిస్ట్రీ బ్లాకు స్లాబు పెచ్చులూడి
ఊచలు కనపడుతున్నాయి. రాసుకున్నాను.
లైబ్రరీలో కుర్చీలు నలభై,
చదివేవాళ్ళు మెట్ల మీద కూడా. రాసుకున్నాను.
ఉత్తరపు ప్రహరీలో ఒక కంత.
అందులోంచి దూరితే హైవే మీది బస్సుకి
ఏడు నిమిషాల కాలిబాట.
ప్లానులో ప్రహరీ నిండుగా ఉంది.
"రిపేరు" అని రాసి
కొట్టేసి
"గేటు?" అని రాశాను.

ఆడపిల్లల హాస్టల్లో టేపు ఆగిపోయింది.
వరండా పొడుగునా
చున్నీలు, తువ్వాళ్ళు, యాసిడు మరకల ల్యాబు కోట్లు.
వెనకగోడ పగులు చూడాలంటే
తడిబట్టల తెరలు పది
చేత్తో ఎత్తుకుంటూ నడవాలి.

తవిటమ్మ చీపురు ఆపింది.
"మేడ మీద మేడ కడతన్నారట గదా తల్లీ,
మరి గుంటలు బట్టలెక్కడారేసుకుంతారు?
కింద ఆరేద్దారంటే మగపిల్లల రోడ్డు.
వానాకాలం తడివే తొడుక్కుని కళాసుకెల్తన్నారు.
ఒల్లంతా దురదలు. నేను సూత్తన్నాను గదా."

రాత్రి స్కేలు పెట్టి వెతికాను.
అయిదంతస్తులు. నాలుగువందల ఎనభై మంచాలు.
లిఫ్టుంది. ధ్యానానికి ఒక మూల ఉంది.
డాబా మొత్తం సోలారు పలకలు.
చిహ్నాల పట్టిక చూశాను:
గోడకి జంట గీతలు, తలుపుకి పావు చందమామ,
నీళ్ళకి నీలం, కరెంటుకి ఎరుపు.
దండేనికి గుర్తు లేదు.

దక్షిణాన, సముద్రం గాలి తగిలేచోట
పన్నెండడుగుల మేర వదిలి
ఆరు చుక్కల గీతలు గీశాను,
ఒక్కోటి ఎనభై అడుగులు.
చుట్టూ తడిక గోడకి ఇంకో గీత.

కమిటీ కూర్చుంది.
ముఖద్వారం కమానుకి గంటంపావు.
నీలిరాయా, ఎర్రరాయా,
మీద పద్మమా, దీపమా.
కెమిస్ట్రీ స్లాబుకి నాలుగు నిమిషాలు.
జీడిపప్పు పళ్ళెం రెండుసార్లు తిరిగింది.
గేటు కొట్టేశారు, భద్రత కోసం.

అప్పుడు ఫైనాన్సు ఆఫీసరు సన్యాసిరాజుగారు
కళ్ళజోడు నుదుటికెక్కించి
"ఈ చుక్కలేంటమ్మా?" అన్నారు.

దండెం అన్నమాట నాలిక చివరిదాకా వచ్చింది.
పదకొండుమంది మగవాళ్ళు, నేను.
"ఫ్యూచర్ ప్రొవిజన్ సార్."
"గుడ్. ఉండాలి" అన్నారు.
టిక్కు పెట్టారు.

సాయంత్రం నేనూ ఆ కంతలోంచే దూరి
బస్సెక్కాను.
గెలిచానని నవ్వొచ్చింది, లావేరు జంక్షను దాకా.
అక్కడ టిక్కెట్టు వెనక లెక్క వేశాను:
ఆరు ఎనభైలు నాలుగువందల ఎనభై.
మనిషికి ఒక్క అడుగు తాడు.
నాలుగు మడతలేస్తే
చున్నీ పడుతుంది.

ఆరదు.