రెండో ముద్రణ, నూట పన్నెండో పేజీ

ఇనుపరాయి కోసం వచ్చిన ఓడలో వంటవాడు
రెండు చార్మినార్ పెట్టెలకి నాకిచ్చిన పుస్తకం
అట్ట మీద మూడు చందమామలు.
"ఏటి బాబూ, ఆ ఊర్ల రోజూ పున్నమేనేటి?"
పక్కనుంచి తొంగిచూశాడు కళాసీ అసిరినాయుడు.

యానాంలో మేనత్త పట్టుబట్టి చెప్పించిన ఫ్రెంచి,
విశాఖ రేవులో బస్తాలు లెక్కరాసే నాకు
అన్నేళ్ళూ అరపైసా తేని ఫ్రెంచి,
ఆ రాత్రి జ్ఞానాపురం గదిలో
లాంతరు దగ్గరికి వచ్చి కూచుంది.

కథ ఎవరిదో మర్చిపోయాను.
ఆఖరి పేజీ అడుగున చీమతలకాయంత అక్షరాలు:
ఈ వరస సంపాదకుడు, అన్సెల్మ్ వెర్దూరే.

తర్వాత ఇరవై మూడేళ్ళు
ఏ ఓడ నిచ్చెన ఎక్కినా ముందు ఆ పేరే అడిగాను.
మనిషిని చూడలేదు, ఫోటో కూడా లేదు.
ముందుమాటల్లోంచి ఏరుకున్నాను ఆయన బతుకు,
రేవులో ఒలికిన గోధుమలు ఆడవాళ్ళు చేటల్లో ఏరుకున్నట్టు.

నాలుగో నంబరులో కుర్రాడు. కోపం ముక్కు మీదే.
"రాకెట్లు చాలు. ఆ రాకెట్టు నేల తుడిచేదెవరో రాయండి."
పందొమ్మిదిలో ఎవరితోనో తగువు, పేరు చెప్పడు.
ముప్పై ఏడులో అట్టల రంగు మారింది,
ముందుమాట లేదు.
కంపెనీ చేతులు మారిందనుకున్నాను.
ఆ ఏడాది నాకూ జీతం ఆగింది, సమ్మె.
నలభై ఒకటిలో తిరిగొచ్చాడు, అరపేజీకి కుదించుకుని,
ఇంటికి ఆలస్యంగా వచ్చినవాడు చెప్పులు చేత్తో పట్టుకున్నట్టు.

ఎవరి గ్రహం ఎటు ఒరిగిందో సరిచేసి సరిచేసి
సొంత నవలకి కూర్చునేసరికి యాభై దాటాయి.

అది నాకు ఆలస్యంగా దొరికింది. ఓడ పేరు గుర్తులేదు, వాన గుర్తుంది.
మూడొందల ఏళ్ళ తర్వాత
నేల మీద చోటు లేని జనం నిండిన ఓడొకటి
బంగాళాఖాతంలో, మా ఊరి బయట,
లోపలికి రమ్మనే జెండా కోసం కాచుకుని ఉంటుంది.
మా ఊరు! వాళ్ళ భాషలో వంకరపోయినా మా ఊరే.
చేపముక్కులాంటి కొండ, దాని మీద దీపం.
నూట పన్నెండో పేజీలో
ఆ జనమంతా పైతట్టు మీదికొచ్చి చూస్తూండగా
సూర్యుడు సముద్రంలో మునిగాడు.

పుస్తకం మూసేశాను.

పాతపోస్టాఫీసులో స్టాంపులకి పదమూడు రూపాయలైంది.
"అయ్యా, మాది తూర్పు తీరం.
మాకు సముద్రం సూర్యుణ్ణి కంటుంది గానీ మింగదు.
సాయంత్రం ఆయన సింహాచలం కొండల వెనక్కి పోతాడు,
డ్యూటీ దిగిన మాలాగే, వీపు చూపించి."

ఐదు నెలలకి జవాబు. టైపు మిషనులో 'ఇ' అక్షరం సగమే పడుతోంది.
"మూడొందల ఏళ్ళకి భూమి ఎటు తిరుగుతుందో
తమకెలా తెలుసు? రచయితగా ఇది నా కోపం.
సంపాదకుడిగా తలదించుకుంటున్నాను.
ముప్పై ఏళ్ళు ఊళ్ళోవాళ్ళ తప్పులు పట్టినవాణ్ణి,
నా తప్పు పట్టడానికి ఒక్కరూ లేకపోయారు."

రెండో ముద్రణ పార్సెల్లో వచ్చింది.
నూట పన్నెండులో సూర్యుడు కొండల వెనక్కి పోయాడు.
వీపు చూపించి. నా మాటే.
అసిరినాయుడికి చదివి చెప్పాను.
"నీ పేరు ఏసినారా?" అన్నాడు. లేదన్నాను.
"మరేటి లాభం" అని బీడీ ముట్టించి,
కాసేపాగి, "మళ్ళీ సదువు" అన్నాడు.

ఆయన పోయిన సంగతి డెబ్బై నాలుగో నంబరు చెప్పింది,
మొదటి పేజీ చుట్టూ నల్లగీత.

మొన్న జగదాంబ దగ్గర పాతపుస్తకాల బండి మీద
మూడో ముద్రణ కనపడింది, మెరిసే అట్ట, కొత్త కంపెనీ.
ఎవరో తెలీని కుర్రాడు మొదటి ప్రతి చూసి అచ్చేసినట్టున్నాడు.
నూట పన్నెండు తిప్పాను.
సూర్యుడు మళ్ళీ సముద్రంలోనే.

ఉత్తరం రాద్దామంటే ఎవరికి?

ఈమధ్య సాయంత్రాలు బీచిరోడ్డులో
జనమంతా ఎటు చూస్తున్నా సరే,
కాసేపు తూర్పుకి తిరిగి నిలబడుతున్నాను.
ముదిరిన వంకాయరంగు నీళ్ళు,
బయట లంగరేసిన నాలుగు ఓడలు,
ఒక్కొక్కటిగా వెలుగుతున్న వాటి దీపాలు.
ఆయన అంతగా రాశాడు కదా.
చూద్దాం.