నవంబరులో టికెట్టు లేదు

తాళంచెవి జానెడు పొడవుంటుంది.
వేసవంతా నా నడుముకి కొట్టుకుంటూ
ఓడలు దింపిన జనం ముందు కొండెక్కుతుంది.
నవంబరు రాగానే మేకుకి వేలాడుతుంది.

ఇవాళ మాత్రం దించాను.
పెరీనా వచ్చింది.
ఎనభై రెండేళ్ళు, ఒక మోకాలు మాట వినదు,
చేతిలో చామంతులు, సంచీలో పాత గుడ్డ.
"టికెట్టు ఎంత?" అని ఏటా అడుగుతుంది,
ఏటా కొనదు.

సైప్రెస్ చెట్ల నడుమ ఎనిమిది మూలల తెల్లటి కట్టడం,
వెరూనిచ్ వాళ్ళ సమాధి.
ఈ దీవి రాయే.
చెక్కముక్క లేకుండా, ఇనుము లేకుండా
రాయి మీద రాయి
ఊపిరి బిగబట్టి నిలబడింది.
కంచు తలుపు మీద పదకొండు ఓడలు.
పన్నెండోది అమ్మితేనే ఇది లేచిందంటారు.

లోపలి చలి వేరు.
బయటి చలికి గాలి ఉంటుంది,
దీనికి వయసే ఉంది.

గోపురం నడినెత్తిన అరచెయ్యంత కన్ను.
వేసవిలో ఎండ అందులోంచి జారి నేల మీద నడుస్తుంది:
పదింటికి తండ్రి పేరు,
కాసేపటికి తల్లి పేరు,
మిట్టమధ్యాహ్నం కూతురు దోరా పేరు మీద
నిలబడి, ఏదో మర్చిపోయినట్టు, వెళ్ళిపోతుంది.
కొడుకు యెర్కో గూటి వైపు ఎన్నడూ పోదు.
ఆ గూడు ఖాళీ.
సముద్రం అతన్ని ఇంకా తిరిగివ్వలేదు.
కట్టినవాడి లెక్క తప్పిందో, కావాలనే తప్పించాడో,
చెప్పకుండానే పోయాడు.
యాత్రికులకి నేను రెండు రకాలుగానూ చెబుతాను,
గుంపుని బట్టి.

ఉత్తరపు గోడకి దేవదూత.
రెక్కలు ముడిచి, రెండు చేతుల్లో
మడత పెడుతున్న దుప్పటి పట్టుకుని.
ముఖం దోరాది, ఊరంతటికీ తెలుసు.
పుస్తకంలో ఆ ముఖానికే రెండు పేజీలు.
చేతులకి ఒకటే ముక్క:
చెయ్యి తిరిగిన శిల్పి.

"ఎవరి చెయ్యి?" అంటుంది పెరీనా.

ఆమె తల్లి మాండా ఆ ఇంట్లో బట్టలుతికేది.
బూడిదనీళ్ళు, సబ్బు,
ఉత్తరపు గాలికి తాడు మీదే
అట్టల్లా బిగుసుకుపోయే దుప్పట్లు.
ఒకరోజు శిల్పి వంటింటి గుమ్మంలో ఆగి చూశాడట:
అంచుకి అంచు కలపడం,
బొటనవేలితో ఒక్క గీత గీసి
గాలిని బయటికి తోలెయ్యడం.
తొమ్మిది మధ్యాహ్నాలు కదలకుండా నిలబెట్టి
అరబస్తా పిండి ఇచ్చాడు.
"పిండిలో పురుగు," అంటుంది పెరీనా.
పద్నాలుగేళ్ళుగా వింటున్నాను,
ఆ పురుగు ఇంకా చావలేదు.

పన్నెండవుతోంది.
నవంబరు ఎండ నేల దాకా దిగదు,
గోడ మీదే ఆగిపోతుంది.
సరిగ్గా ఆ చేతుల మీద.
ఉబ్బిన కణుపులు. గోటి పక్కన పగులు.
అంత ఖరీదైన రెక్కల కింద
ఎవరింటి పనో మధ్యలో వదిలి వచ్చిన చేతులు.

ఏటా ముక్కాలిపీట ఎక్కి తానే తుడిచేది.
ఈసారి గుడ్డ నాకిచ్చింది.
"నువ్వెక్కు."

ముట్టుకోరాదని ఆరు భాషల బోర్డు నేనే తగిలించాను.
ఎక్కాను.
"ఆ సందులో. అక్కడ కాదు. ఇంకా లోపలికి."
ధూళి ఊడింది.
రాతి బొటనవేలు నా వేలికి తగిలింది,
చల్లగా కాదు, గరుగ్గా.

"అది తప్పు," కింద నుంచి గొంతు.
"కుడిచెయ్యి చెక్కాడు. మా అమ్మది ఎడమచేతి వాటం."
ఇన్నేళ్ళలో ఈ మాట ఎప్పుడూ అనలేదు.

గుడ్డ అందుకుని,
అంచుకి అంచు కలిపి,
ఎడమ బొటనవేలితో గీత గీసి సంచీలో పెట్టుకుంది.
చామంతులు యెర్కో ఖాళీ గూట్లో పెట్టింది.

నేను చూస్తున్నానని తెలిసి,
"మా అమ్మ దగ్గర గాలికి నిలవవు," అంది.
"ఇక్కడ చోటు ఖాళీయేగా."