సెంట్రింగ్

ఫర్వానియాలో బయట నలభై ఎనిమిది.
తెర మీద పోశెట్టి గుండె కూడా
నలభై ఎనిమిదే.
మార్చిలో అరవై రెండు.

"తగ్గితే మంచిదే గదా మేడమ్?"

ఎర్రమందు నాలుగు సీసాలు.
గడ్డ కరిగింది,
గుండె గోడా వదులైంది.
ఎట్ల చెప్పేది?
కణంలో వేడికి పుట్టే ప్రోటీన్లుంటాయి,
వంగిపోయేవాటికి భుజం పెడతాయి,
ఈ మందుకు అవీ అలసిపోతాయి అన్నాను.

"సెంట్రింగోళ్లన్నట్టు" అన్నాడు,
ఇరవై ఏండ్లు స్లాబుల కింద
జాకీలు బిగించినవాడు.
"కాంక్రీటు గట్టిపడేదాక మేమే మోస్తం.
అయినంక ఎవడు యాదిజేస్తడు?"

జెల్ తుడిచి చొక్కా అందించాను.
ఐదో సీసా సంగతి డాక్టరు చెప్పాలి.

గుండీలు పెట్టుకుంటా అడిగాడు:
"ఎండకాలం పదకొండు నుంచి నాలుగు దాక
బయట పని బంద్ ఈడ.
లోపలోళ్లకు
ఆ రూలు లేదా?"